కొన్న కీబోర్డు పదిహేనేళ్లు నిలవాలంటే

నా కీబోర్డులో అన్నిటికంటే ముందు నున్నబడింది 'డి' కీ. నేను రాసేది ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో, అంటే భారతీయ భాషలకు ఉన్న ఒక కీల అమరికలో. అందులో పొల్లు ఆ కీ మీదే ఉంటుంది. 'అమ్మ' అని కొట్టాలంటే షిఫ్ట్ పట్టుకుని డి, తర్వాత సి, మళ్లీ డి, మళ్లీ సి. నాలుగు దెబ్బల్లో రెండు దానికే. ఒత్తు వచ్చిన ప్రతిచోటా వేలు అక్కడికి వెళ్లాల్సిందే. పన్నెండేళ్లుగా రోజంతా టైప్ చేస్తున్నా ఆ బోర్డు ఇంకా పనిచేస్తూనే ఉంది. ఈలోగా మూడు కంప్యూటర్లు మారాయి. బోర్డులో మార్చినవల్లా ఆ 'డి' క్యాప్ (కీ మీది ప్లాస్టిక్ తొడుగు) ఒకసారి, వైరు రెండుసార్లు, ఒక స్విచ్ (తొడుగు కింద నొక్కును పసిగట్టే ముక్క) ఒకసారి.

ఆ మూడూ మార్చడానికి వీలున్న బోర్డు కాబట్టే అది బతికింది. కీబోర్డు ఎన్నేళ్లు నిలుస్తుందన్నది దాని బరువును బట్టో, పెట్టె మీద అచ్చేసిన అంకెను బట్టో తేలదు. విప్పడానికి, కడగడానికి, పోయిన ముక్కను మార్చడానికి వీలుందా అన్నదే తేలుస్తుంది. ఎంచుకోవడం దగ్గర్నుంచి రిపేరు దాకా ఏం చేయాలో వరసగా చెబుతాను.

1. పాత కీబోర్డు ఎలా పోయిందో చూడండి

కొత్తది కొనేముందు పాతదాన్ని ఒకసారి బల్ల మీద పెట్టి చూడండి. వైరు మొదట్లో తెగిందా? టీ ఒలికిందా? అక్షరాలు చెరిగిపోయాయా? ఒక్క కీ మాత్రమే మొండికేసిందా? వెనక కాళ్లు విరిగాయా? నేను విప్పి చూసిన పాడైన కీబోర్డుల్లో నిజంగా స్విచ్‌లు అరిగిపోయినవి చాలా తక్కువ. ఎక్కువ వాటిని చంపింది వైరు, లేదా ఒలికిన ద్రవం. మీ దగ్గర ఏది ముందు పోతుందో తెలిస్తే కొనేటప్పుడు దేన్ని పట్టించుకోవాలో తెలుస్తుంది.

2. పెట్టె మీది అంకెను మీ పనితో భాగించండి

మెకానికల్ స్విచ్‌లకు, అంటే ప్రతి కీ కిందా విడిగా ఉండే స్ప్రింగు స్విచ్‌లకు, 5 కోట్లు, 10 కోట్ల నొక్కులు అని వేస్తారు. మామూలు రబ్బరు కీబోర్డులకు 50 లక్షల నుంచి కోటి దాకా చెబుతారు. వినడానికి పెద్ద అంకెలే. లెక్క వేసి చూడండి.

నిమిషానికి 40 మాటల చొప్పున రోజుకు నాలుగు గంటలు ఆపకుండా కొట్టేవారు స్పేస్‌బార్‌ను 9,600 సార్లు నొక్కుతారు. 5 కోట్లను దానితో భాగిస్తే సుమారు 5,200 రోజులు వస్తుంది. ఒక్క రోజు కూడా సెలవు తీసుకోకపోయినా 14 ఏళ్లు. అదే 50 లక్షలైతే ఏడాదిన్నర కూడా నిండదు. ఇది అందరికంటే ఎక్కువ దెబ్బలు తినే కీ సంగతి. మిగతా కీలకు ఇంకా ఎక్కువ ఆయుష్షు ఉంటుంది.

ఈ లెక్కతో తేలేది ఒకటుంది. 5 కోట్లకూ 10 కోట్లకూ మధ్య తేడా మీ జీవితంలో కనిపించదు. రబ్బరుకూ మెకానికల్‌కూ మధ్య తేడా మాత్రం కనిపిస్తుంది. అందుకే 10 కోట్లు అని రాసి ఉందని మురిసిపోయి, వైరు తీసి మార్చడానికి వీల్లేని బోర్డు కొనకండి.

3. లోపల ఏముందో తెలుసుకుని ఎంచుకోండి

రబ్బరు కీబోర్డు విప్పితే రెండు పల్చటి ప్లాస్టిక్ షీట్లు, వాటి మీద కరెంటు పారే గీతలు, పైన రబ్బరు బుడిపెలు కనిపిస్తాయి. కీ నొక్కితే బుడిపె కుంగి, కింది రెండు షీట్లనూ తాకిస్తుంది. చప్పుడు తక్కువ, బరువు తక్కువ, చాలామందికి ఆ మెత్తదనమే ఇష్టం. అందులో తప్పేమీ లేదు. కానీ రబ్బరు కాలంతో పాటు అలిసిపోతుంది. షీట్ల మధ్యకు తడి చేరితే ఒక వరస కీలన్నీ ఒక్కసారే పోవచ్చు. ఈ రకం తీసుకుంటే అడుగున స్క్రూలు ఉన్నదే తీసుకోండి. అంటించేసిన దాన్ని శుభ్రం చేయడం కుదరదు.

మెకానికల్‌లో ప్రతి కీకీ విడి స్విచ్ ఉంటుంది. ఒక స్ప్రింగు, రెండు లోహపు రేకులు. జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ 1980లలో తెచ్చిన ఎంఎక్స్ స్విచ్ ఈ రకానికి పెద్దన్న. దాని నెత్తిన కూడిక గుర్తు ఆకారంలో చిన్న కాడ ఉంటుంది. 2014 ప్రాంతంలో పేటెంట్ గడువు తీరాక గేట్‌రాన్, కైల్ లాంటి ఎందరో అదే ఆకారంలో స్విచ్‌లు చేయడం మొదలుపెట్టారు. మన్నిక కోరుకునేవారికి ఇంతకంటే మంచి సంగతి లేదు. ఇరవై ఏళ్ల కిందటి బోర్డుకు నిన్న తయారైన క్యాప్ సరిపోతుంది. ఎర్ర రంగువి నున్నగా దిగుతాయి, గోధుమ రంగువి మధ్యలో చిన్న మెట్టులా తగులుతాయి, నీలం రంగువి టక్కుమంటాయి. ఇంట్లో పక్కన ఎవరైనా పడుకునే వేళల్లో పనిచేసేవారు నీలం జోలికి పోవద్దు.

పాత కీబోర్డుల అభిమానులు ముందుగా చెప్పే పేరు ఐబీఎం మోడల్ ఎం. 1985లో వచ్చింది. రెండు కిలోలు దాటే బరువు, లోపల ఉక్కు రేకు, ప్రతి కీ కిందా నిలువు స్ప్రింగు. నొక్కినప్పుడు ఆ స్ప్రింగు ఒక్కసారిగా పక్కకు వంగి, కింద ఉన్న చిన్న సుత్తిని వాలుస్తుంది. ఆ టక్కు చప్పుడు దానిదే. అప్పటి బోర్డులు ఈనాటికీ పనిచేస్తున్నాయి. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో యూనికాంప్ అనే కంపెనీ 1996 నుంచి అదే రకం చేస్తూ వస్తోంది. అంత గట్టి బోర్డుకూ ఒక బలహీనత ఉంది. లోపలి పొరలను పట్టి ఉంచే ప్లాస్టిక్ రివెట్లు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారి తెగిపోతాయి. అవి తెగిన చోట కీలు వదులవుతాయి. అప్పుడు ఓపికున్నవారు పాత రివెట్లు కోసేసి, సన్నటి రంధ్రాలు చేసి, చిన్న బోల్టులూ నట్లూ బిగిస్తారు. అంటే మోడల్ ఎం కూడా ఉక్కు ఉన్నందుకు మాత్రమే బతకలేదు, విప్పి బాగుచేసేవారు ఉన్నందుకు బతికింది. ఇలాంటి పాతది దొరికితే ఒకటి గుర్తుంచుకోండి. చాలావాటికి వైరు చివర, పాత కంప్యూటర్లకు పెట్టే గుండ్రటి పీఎస్/2 పిన్ను ఉంటుంది. ఈనాటి కంప్యూటర్‌కు పెట్టాలంటే లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. ఉత్త పిన్ను ఆకారం మార్చే ముక్క చాలదు.

ఇక లోహపు రేకులు ఒకదాన్నొకటి తాకే పనే లేని రకాలు ఉన్నాయి. జపాన్‌కు చెందిన టోప్రే స్విచ్‌లో రబ్బరు బుడిపె కింద శంకువు ఆకారపు స్ప్రింగు ఉంటుంది. అది కుంగినప్పుడు కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని పట్టి ఉంచే గుణం) మారడాన్ని బోర్డు పసిగడుతుంది. అయస్కాంతపు స్విచ్‌లలో అయస్కాంతం దగ్గరవడాన్ని సెన్సార్ పసిగడుతుంది. తాకిడి లేదు కాబట్టి తుప్పు పట్టి ఒక అక్షరం రెండుసార్లు పడే జబ్బు వీటికి రాదు. కానీ పాడైతే ముక్కలు దొరకడం ఎంఎక్స్ అంత తేలిక కాదు.

టోప్రే మాట వచ్చింది కాబట్టి హ్యాపీ హ్యాకింగ్ కీబోర్డు గురించి చెప్పకుండా ఉండలేను. 1996లో పీఎఫ్‌యూ కంపెనీ తెచ్చిన 60 కీల చిన్న బోర్డు అది. టోప్రే స్విచ్‌లు తర్వాతి రకాల్లో వచ్చాయి. దాని వెనక ఉన్న జపాన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఎయిచి వాడా కీబోర్డును గుర్రపు జీనుతో పోల్చారు. ఎడారిలో గుర్రం చనిపోతే అమెరికా కౌబాయ్ దాన్ని అక్కడే వదిలేస్తాడు గానీ జీనును మాత్రం భుజాన వేసుకుని నడుస్తాడట. కంప్యూటర్లు మారుతూ పోతాయి, వేళ్లకు అలవాటైన బోర్డు మారకూడదు అన్నది ఆయన మాట. నా అనుభవమూ అదే.

ఏది తీసుకోవాలి అని నన్ను అడిగితే, ఎంఎక్స్ ఆకారం స్విచ్‌లున్న బోర్డు అంటాను. కారణం ఒక్కటే, ముక్కలు దొరుకుతాయి. స్విచ్‌లు చేత్తో లాగి మార్చుకునే హాట్‌స్వాప్ రకమైతే టంకం పెట్టడం రానివారికి ఇంకా నిశ్చింత. అయితే కొనేముందు వీలైనంత వరకు వేళ్లు పెట్టి చూడండి. చేతికి నచ్చని కీబోర్డు ఎంత గట్టిదైనా అటకెక్కుతుంది.

4. క్యాప్‌లను తిరగేసి చూడండి

ఏడాది తిరక్కుండానే కీలు నూనె రాసినట్టు మెరుస్తున్నాయంటే అది మురికి కాదు. వేలి రాపిడికి ప్లాస్టిక్ పైపొర నున్నబడింది. తుడిస్తే పోదు. ఏబీఎస్ ప్లాస్టిక్‌కు ఈ గుణం ఎక్కువ. పీబీటీ ప్లాస్టిక్ గరుకుదనాన్ని చాలా ఏళ్లు నిలుపుకుంటుంది. పీబీటీలో ఒక చిక్కుంది. పొడవైన స్పేస్‌బార్ అచ్చులో చల్లారేటప్పుడు కొద్దిగా వంగిపోవచ్చు. క్యాప్ తీసి అద్దం మీద బోర్లా పెట్టి రెండు చివర్లూ వేలితో తట్టండి. ఊగుతుంటే వంగినట్టే, మార్పించుకోండి.

అక్షరం ఎలా వేశారన్నదీ చూడాలి. పైన రంగు పూసి అచ్చేసినవి ముందుగా చెరిగిపోతాయి. డబుల్‌షాట్‌లో అక్షరాన్ని వేరే రంగు ప్లాస్టిక్‌తోనే పోస్తారు. క్యాప్ తిరగేస్తే లోపల రెండో రంగు కనిపిస్తుంది. అది చెరగడమంటూ ఉండదు. డై సబ్లిమేషన్‌లో రంగు ప్లాస్టిక్ లోపలికి ఇంకుతుంది. మోడల్ ఎం అక్షరాలు ఇలా వేసినవే, ఇన్నేళ్లకూ చదవడానికి వీలుగా ఉన్నాయి.

బోర్డును ఎండ నేరుగా పడే కిటికీ పక్కన ఉంచకండి. లేత రంగు ఏబీఎస్ పసుపెక్కుతుంది.

5. వైరు, పోర్టు, స్క్రూలు

వైరు ఊడదీయగలిగేదై ఉండాలి. పోర్టు యూఎస్‌బీ-సీ అయితే మంచిది. పాత మైక్రో యూఎస్‌బీ పోర్టు ఒకటి రెండు గట్టి లాగుళ్లకే బోర్డు నుంచి ఊడొచ్చేది. కొన్ని బోర్డుల్లో పోర్టును విడి చిన్న సర్క్యూట్ మీద పెడతారు. అది పోతే ఆ ముక్క ఒక్కటీ మారిస్తే చాలు. బ్లూటూత్ రకమైతే బ్యాటరీ ముసలిదైన రోజున కూడా వైరు మీద పనిచేస్తుందా, బ్యాటరీని స్క్రూలు తీసి మార్చవచ్చా అన్నది అడగండి. బ్యాటరీ ఉబ్బినట్టు అనిపిస్తే ఇక ఛార్జింగ్ పెట్టకండి.

ల్యాప్‌టాప్ వాడేవారు రోజంతా దాని కీల మీదే కొట్టకండి. చాలా ల్యాప్‌టాప్‌లలో కీబోర్డును పై కవర్‌కు రివెట్లతో బిగిస్తారు, ఒక కీ పోతే మొత్తం మార్చాల్సి వస్తుంది. బల్ల దగ్గర ఉన్నప్పుడు విడి కీబోర్డు పెట్టుకోండి.

6. ఆరు నెలలకోసారి పూర్తిగా కడగండి

వారానికోసారి బోర్డును తిరగేసి అరచేత్తో తట్టండి, మెత్తటి బ్రష్‌తో కీల మధ్య దువ్వండి. ఆ మాత్రం చాలు. నోటితో ఊదకండి, తుంపర లోపలికి పోతుంది. గాలి డబ్బా వాడితే నిలువుగానే పట్టుకోండి. వంచితే గడ్డకట్టేంత చల్లటి ద్రవం బయటికొస్తుంది.

ఆరు నెలలకోసారి చేయాల్సిన పనికి సెలవు రోజు పెట్టుకోండి. నేను చేసే వరస ఇది.

వైరు తీసి, బోర్డుకు ముందుగా ఫోటో తీయండి. ఇది మరచిపోతే తర్వాత స్లాష్ ఎక్కడ, బ్యాక్‌స్లాష్ ఎక్కడ అని తలపట్టుకోవాలి. క్యాప్ తీయడానికి తీగతో చేసిన పుల్లర్ వాడండి. గుండ్రటి ప్లాస్టిక్ పుల్లర్ క్యాప్ పక్కల్ని గీకేస్తుంది. తీగను క్యాప్ ఎదురెదురు మూలల కింద పట్టించి నిటారుగా పైకి లాగండి. పక్కకు వంచి లాగితే స్విచ్ కాడ విరుగుతుంది. స్పేస్‌బార్, ఎంటర్, షిఫ్ట్ కింద, పొడవైన కీ ఒక పక్కకు ఒరగకుండా పట్టే లోహపు తీగ ఉన్న స్టెబిలైజర్లు ఉంటాయి. వాటిని ఒక చివర కొద్దిగా, రెండో చివర కొద్దిగా లేపుతూ తీయండి. చేయి తిరగకపోతే స్పేస్‌బార్‌ను అలాగే ఉంచేసి చుట్టూ తుడవండి.

తీసిన క్యాప్‌లను గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి అరగంట నానబెట్టండి. మరిగే నీళ్లు వద్దు, ఏబీఎస్ వంకరపోతుంది. వేళ్లతో రుద్ది, మంచినీళ్లలో జాడించి, కాడ దూరే రంధ్రం కిందికి ఉండేలా గుడ్డ మీద పరచండి. రాత్రంతా ఆరాలి. పైకి పొడిగా కనిపించినా ఆ రంధ్రంలో ఒక చుక్క మిగిలే ఉంటుంది. దాన్ని అలాగే పెడితే నేరుగా స్విచ్‌లోకి దిగుతుంది.

ఈలోగా బోర్డు పని చూడండి. వెంట్రుకలు, దుమ్ము బ్రష్‌తో తీసేయండి. జిడ్డు ఉన్న చోట 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను ఇయర్‌బడ్‌కు కొద్దిగా అద్ది తుడవండి. గోళ్ల రంగు తుడిచే ద్రవం మాత్రం దగ్గరికి రానీయకండి. అందులో ఎసిటోన్ ఉంటే ఏబీఎస్ కరిగిపోతుంది. తలుపు బందులకు కొట్టే స్ప్రే నూనె కూడా స్విచ్‌లకు పనికిరాదు. మొదట హాయిగా కదిలినట్టే ఉంటుంది, తర్వాత ఆ నూనెకు దుమ్ము పట్టి జిగురు ముద్దవుతుంది.

స్పేస్‌బార్ గలగలమంటుంటే అది స్విచ్ తప్పు కాదు, స్టెబిలైజర్ తీగ వదులు. తీగ చివర్లు కూర్చునే చోట డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు) అగ్గిపుల్ల కొనమీద పట్టేంత పెడితే చప్పుడు అణిగిపోతుంది.

7. ఏదైనా ఒలికితే

వెంటనే వైరు లాగేయండి. చేసిన పని సేవ్ కాలేదని ఆగకండి, కంప్యూటర్ ఎలాగూ నడుస్తూనే ఉంటుంది. వైర్‌లెస్ అయితే స్విచ్ ఆపి బ్యాటరీ తీసేయండి. బోర్డును బోర్లించి గుడ్డ మీద పెట్టండి. అటూ ఇటూ విదిలించకండి, తడి అంటని కీలకు కూడా పాకుతుంది.

ఉత్త నీళ్లైతే క్యాప్‌లు తీసి రెండు మూడు రోజులు ఫ్యాను గాలికి ఆరబెడితే ఎక్కువసార్లు బతుకుతుంది. తియ్యటి టీ, కాఫీ, కూల్‌డ్రింక్ అయితే ఆరబెట్టడం ఒక్కటే చాలదు. చక్కెర గట్టిపడి కీని అంటుకుంటుంది. బోర్డు విప్పి, ఆ భాగాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, పైన ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టండి. కుళాయి నీళ్లలో లవణాలు ఉంటాయి, అవి ఆరాక రేకుల మీద పొరలా మిగులుతాయి. హెయిర్ డ్రయర్ వేడి గాలి పెట్టకండి. అన్నిటికంటే ముఖ్యం తొందరపడకపోవడం. ఒక స్నేహితుడు సాయంత్రం టీ ఒంపుకుని, పొద్దున్నే పని ఉందన్న టెన్షన్‌లో తడిగానే వైరు పెట్టేశాడు. ఆ టీ తడిలో కరెంటు పారి సర్క్యూట్ కాలిపోయింది. రెండు రోజులు ఆగి ఉంటే ఆ బోర్డు దక్కేది. అలాంటి రెండు రోజుల కోసమే ఒక పాత కీబోర్డును ఇంట్లో దాచుకోండి.

8. ఒక అక్షరం రెండుసార్లు పడుతుంటే

మెకానికల్ బోర్డులకు వచ్చే మామూలు జబ్బు ఇదే. లోపలి రేకులు తాకేటప్పుడు క్షణకాలం ఎగిరెగిరి పడతాయి. ఆ ఎగుర్లను ఒకే నొక్కుగా లెక్కపెట్టడానికి బోర్డులోని ఫర్మ్‌వేర్ (దాని చిప్‌లో నడిచే చిన్న ప్రోగ్రాం) కొన్ని మిల్లీసెకన్లు ఆగుతుంది. దుమ్మో తుప్పో పట్టి ఎగరడం ఎక్కువైతే ఒక అక్షరం రెండుగా పడుతుంది.

ముందు బోర్డును వేరే కంప్యూటర్‌కు పెట్టి చూడండి. అక్కడా అలాగే ఉంటే వైరు మార్చి చూడండి. అప్పటికీ పోకపోతే ఆ కీని ఓ వందసార్లు వేగంగా నొక్కండి. పల్చటి పొర ఉంటే ఆ రాపిడికే పోతుంది. క్యూఎంకే లాంటి ఫర్మ్‌వేర్‌తో నడిచే బోర్డైతే ఆగే సమయాన్ని పెంచుకోవచ్చు. మొదట్లో అది 5 మిల్లీసెకన్లు ఉంటుంది, 10 చేసి చూడండి. దీనితో సమస్య కనిపించకుండా పోతుంది గానీ స్విచ్ బాగుపడదు. స్విచ్ మార్చే దాకా గడపడానికి పనికొస్తుంది.

హాట్‌స్వాప్ బోర్డులో స్విచ్ మార్చడం రెండు నిమిషాల పని. కొత్త స్విచ్ అడుగున ఉన్న రెండు రాగి కాళ్లు నిటారుగా ఉన్నాయో లేదో చూసి, తిన్నగా దింపండి. కొత్త స్విచ్ పెట్టాక కీ అసలే పనిచేయకపోతే బోర్డు పోయిందని కంగారు పడకండి. దాదాపు ప్రతిసారీ ఒక కాలు మడత పడి ఉంటుంది. బయటికి తీసి, ట్వీజర్‌తో సరిచేసి మళ్లీ పెట్టండి. టంకం వేసిన బోర్డైతే 350 డిగ్రీల దగ్గర టంకం వేసే ఐరన్‌తో రెండు కాళ్ల టంకం కరిగించి, దాన్ని పీల్చే సక్కర్‌తో లాగి, కొత్తది పెట్టి టంకం వేయాలి. రాకపోతే మొబైల్ రిపేరు చేసేవారిని అడగండి. వాళ్లు రోజూ చేసే పనిలో ఇది చాలా చిన్నది.

9. విడి ముక్కలు దాచుకోండి

కొత్త బోర్డు కొన్న రోజునే అదే రకం స్విచ్‌లు నాలుగైదు, ఒక వైరు అదనంగా తీసుకోండి. స్పేస్‌బార్ అదనంగా దొరికితే అదీ తీసుకోండి, విడిగా దొరకడం అన్నిటికంటే కష్టం. ఈనాడు దొరికే రకం పదేళ్ల తర్వాత దొరకకపోవచ్చు. వీటిని పుల్లర్‌తో సహా ఒక డబ్బాలో వేసి, కీబోర్డు ఉండే బల్ల సొరుగులోనే ఉంచండి. కొన్నాళ్లు వాడకుండా పక్కన పెట్టాల్సి వస్తే పెన్సిల్ బ్యాటరీలు తీసేయండి, అవి కారితే స్ప్రింగులు తుప్పు పడతాయి. లిథియం బ్యాటరీ అయితే సగం ఛార్జింగ్‌తో ఉంచండి.

ఏదైనా మార్చినప్పుడల్లా బోర్డు అడుగున మార్కర్‌తో తేదీ, మార్చింది ఏమిటో రాయండి. ఏ ముక్క ఎంతకాలం వచ్చిందో మీకే తెలుస్తుంది, తర్వాతిది ఎప్పుడు కొనిపెట్టుకోవాలో అంచనా దొరుకుతుంది. నా బోర్డు అడుగున ఇప్పుడు నాలుగు తేదీలు ఉన్నాయి.